హాస్యనట శిరోమణి రేలంగి వేంకటరామయ్యగారు

మహనీయుల చరిత్రములు వ్రాయబూనినప్పుడు రాజులను, కవులను, దేశభక్తులను, దాతలను స్మరించుట మనకు వాడుక. నవ్వించినవారిని స్మరించుట అంతగా వాడుక లేదు. నవ్వినంతసేపు నవ్వి, దీపములు వెలిగిన వెనుక ఉత్తరీయము దులుపుకొని యిల్లు చేరుట, నవ్వించినవానిని మఱచుట లోకరీతి. ఈ సంచికలో మేము ఆ రీతిని తప్పి, తెలుగుదేశమున ఇంటింట పేరు మ్రోగిన యొక హాస్యనటుని జీవితమును పాఠక మహాశయుల యెదుట నుంచుచున్నాము. ఆయనయే కీర్తిశేషులు రేలంగి వేంకటరామయ్యగారు.

ఆయన నటించిన చిత్రముల పట్టిక వ్రాయుట మా యుద్దేశము గాదు. అవి మున్నూటికి పైబడినవి. పట్టిక వ్రాసినచో నీ పుటలు చాలవు. పేరులేని వేషములతోడను, తెరవెనుక కొలువుతోడను పండ్రెండేండ్లకు పైగా గడపిన యొక మనుష్యుడు ఆ కాలమున నేమి నేర్చెను, నేర్చినదానితో హాస్యవృత్తికి నెట్టి గౌరవము సంపాదించెను అను నంశమే మేము చెప్పదలచినది. తమ బిడ్డలు ఏ పనిలో నెంతకాలము వేచియుండవచ్చును, ఏ పని మర్యాదగల పని, ఏది కాదు అని నిత్యము తర్కించుకొను తలిదండ్రులకు ఈ చరిత్రము నిరుపయోగము గాదని మా విశ్వాసము.

సంస్కృత నాటకములలో విదూషకుడు రాజునకు చెలికాడు. కాళిదాసు శాకుంతలమున మాధవ్యుడు వేట బడలికను తలచి వాపోవుచు దుష్యంతుని వెంట దిరుగును. మన తోలుబొమ్మలాటలలో కేతిగాడును బంగారక్కయు నడిరేయి తెరపైకి వచ్చి కునికిపాట్లు పడు జనమును మేలుకొలుపుదురు. హరికథకుడు కథ నడుమ పిట్టకథ నెత్తుకొనును. వీరు లేనిదే ఆట రక్తి కట్టదు. కాని తెల్లవాఱిన పిమ్మట జనులు పొగడునది రాముని పాత్రను గాని కేతిగానిని గాదు. హాస్యము భోజనమున నూరుగాయ వంటిది, అది లేక ముద్ద దిగదు, అయినను దానిని భోజనమని యెవ్వరును చెప్పరు. ఇట్టి తలంపు నాటినుండి నేటివఱకు మనలో పాతుకొని యున్నది. రేలంగివారి జీవితము ఈ తలంపుతో జరిగిన పెనుగులాట యని మేము చెప్పుదుము.

వేంకటరామయ్యగారు 1910 వ సంవత్సరమున గోదావరీ మండలమునందలి రావులపాడు గ్రామమున జన్మించిరి. తండ్రి రామస్వామిగారు సంగీతమును, హరికథాగానమును ఎఱిగినవారు. పసితనముననే తల్లి గతించుటచే బాలునకు మాతృవియోగము సంభవించెను. పెరిగినది, చదివినది కాకినాడలో. చదువు చాలదూరము సాగలేదు. కాని హరికథ వినబడు నింట పెరిగిన బాలునకు బడి చెప్పని చదువొకటి అబ్బును. హరికథకుడు ఒక్కడే సభ నంతటిని పట్టి యుంచవలెను. రాముడు తానే, రావణుడు తానే, శూర్పణఖయు తానే. ఏ మాటకు ముందు ఒక్క క్షణ మాగవలెను, ఏ మాటను మెల్లగా విడువవలెను, గజ్జెకాలు ఎప్పుడు కదపవలెను, ఎప్పుడు కదపరాదు అను సూక్ష్మములు ఆ విద్యలో ప్రాణములు. పిట్టకథ చెప్పునప్పుడు హరికథకుడు తాను నవ్వడు, సభ నవ్వును. పిమ్మటి కాలమున తెరపై రేలంగివారు చేసిన హాస్యమున ఈ పద్ధతియే మూలకందమని మా యభిప్రాయము.

ఆ దినములలో కాకినాడ నాటకములకు పుట్టినిల్లు. అందు యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను నాటక సమాజ మొకటి ప్రసిద్ధముగ నుండెను. తరువాతి కాలమున తెలుగు తెరను ఏలిన ఎస్. వి. రంగారావుగారు, అంజలీదేవిగారు మొదలగువారు ఆ సమాజముతో సంబంధము గలవారే. వేంకటరామయ్యగారు అందు చేరి వేషములు గట్టిరి. నాటి నాటకములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిరి. మన రేలంగివారును స్త్రీవేషములతోనే రంగస్థలమున కాలు మోపిరి. స్త్రీవేషము గట్టువానికి నడకలో, చూపులో, కంఠములో అదుపు వలయును. ఏమాత్రము హద్దు మీఱినను కరుణ హాస్యమగును, హాస్యము వెగటగును. అదుపు అను నాభరణము ఆయనకు చిన్ననాటనే అబ్బినది.

నాటకములలో తిరుగు కుఱ్ఱవానిని నాటి సంసారులు ఏ దృష్టితో చూచుచుండిరో మా పాఠకులలో వృద్ధులకు చెప్పనక్కఱలేదు. పద్యము విని కన్నీరు పెట్టుకొన్న పెద్దమనుష్యుడే మఱునాడు ఆ నటునకు పిల్లనిచ్చుటకు సంశయించును. అద్దె కొఱకు వెదకుకొను నటునకు ఇంటి తలుపు తెఱచుట కొందఱికి నచ్చదు. ఇట్టి లోకమున నాటకమును, దాని వెనుక సినిమాను నమ్ముకొనుట సాహసమే యగును.

తెలుగు మాటలాడు తొలిచిత్రము 'భక్త ప్రహ్లాద' 1932 లో వెలువడెను. తొలినాళ్లలో తెలుగుచిత్రములను పెక్కింటిని కలకత్తాలోను, బొంబాయిలోను నిర్మింపవలసి వచ్చెను. శబ్దగ్రహణ యంత్రములు గల స్టూడియోలు మన ప్రాంతమున నప్పటికి లేవు. నటులు, పాటకులు, వంటవారు, అందఱును కూడి రైలెక్కి కలకత్తా చేరి, అచ్చట నెలల తరబడి యొకేచోట కాపురముండి చిత్రము పూర్తిచేసి తిరిగి వచ్చుచుండిరి. కాకినాడ వాస్తవ్యులైన చిత్తజల్లు పుల్లయ్యగారు 1933 లో 'సతీ సావిత్రి'ని, 1934 లో 'లవకుశ'ను ఇట్లు కలకత్తాలోనే తీసిరి. 'లవకుశ' తెలుగునాట అపూర్వ జనాదరణము పొందెను.

రేలంగివారు తొలిసారి తెరపై గనబడినది 1935 నాటి 'శ్రీకృష్ణ తులాభారము'న. అదియు కలకత్తాలో నిర్మింపబడిన చిత్రమే. అందు ఆయనకు లభించినవి చిన్న వేషములు. చిత్రము వచ్చెను, పోయెను. నటునకు పేరు రాలేదు. అంతట ఆయన పుల్లయ్యగారి కొలువున జేరిరి.

ఈ కొలువును గూర్చి కొంత వివరముగ చెప్పవలయును. ఏలయన వేంకటరామయ్యగారి జీవితమునకు పునాది యిదియే. పుల్లయ్యగారి చిత్రములలో ఆయన చేసిన పనికి ఒక పేరు లేదు. వేషములకు దగినవారిని వెదకి తెచ్చుట, వచ్చినవారి వసతి భోజనములు చూచుట, షూటింగు వేళకు అందఱిని చేర్చుట, మేనేజరు పని, సహాయకుని పని, వీనితో బాటు ఏదో యొక చిన్న వేషము. తెరపై ఒక నిమిషము గనబడుటకు తెరవెనుక ఒక దినమంతయు పరుగెత్తవలెను. తాను స్వయముగ ఎంచి తెచ్చిన నటీనటులు తన కన్నులయెదుటనే పేరు గడించి మేడ లెక్కుచుండ, తాను వారి భోజనపు లెక్కలు వ్రాయుచు నుండవలెను. ఇట్టి చోట ఈర్ష్య పుట్టుట మానవ సహజము. ఈర్ష్య పుట్టినవాడు నవ్వింపలేడు, నవ్వించినను ఆ నవ్వులో విషముండును. రేలంగివారి నవ్వులో విషము లేకుండుటయే ఆ పండ్రెండేండ్ల కాలమును ఆయన యెట్లు గడపిరో తెలుపు సాక్ష్యము.

1939 లో పుల్లయ్యగారు కాళ్లకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకమును చిత్రముగ దీసిరి. వరకట్న దురాచారమును ఖండించిన ఆ నాటకము నాటి తెలుగు కుటుంబములను కదలించినది. పిమ్మట మహానటి యనిపించుకొన్న భానుమతిగారికి అదియే తొలిచిత్రము. 1942 లో జెమినీ సంస్థవారి కొఱకు పుల్లయ్యగారు దర్శకత్వము వహించిన 'బాలనాగమ్మ' విపరీత జనాకర్షణము పొందెను. అందు మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావుగారు, బాలనాగమ్మగా కాంచనమాలగారు ప్రసిద్ధికెక్కిరి. కొత్వాలు రామసింగు వేషమున రేలంగివారును గనబడిరి. కాని అప్పటికిని ఆయన వేషధారులలో నొకడే గాని నటులలో లెక్కింపబడినవారు గారు.

అంతలో రెండవ ప్రపంచయుద్ధము ముదిరెను. ముడి ఫిల్ము దొరకుట దుర్లభమయ్యెను. చిత్రము పదునొకండువేల అడుగులకు మించరాదని ప్రభుత్వము శాసించెను. చిత్రముల సంఖ్య పడిపోయెను. పెద్ద నటులకే పని లేని దినములలో చిన్న వేషగానికి పని యెక్కడిది? ఇంటికి మరలి వేఱు బ్రతుకుతెరువు చూచుకొన్నవారు ఆ కాలమున అనేకులు. వారిని మేము తప్పుపట్టము. రేలంగివారు మాత్రము మరలలేదు. మరలకుండుటకు ఆయనయొద్ద వేఱు ధనము లేదు; పని తెలియుట యొక్కటియే ధనము. చిత్రనిర్మాణమున ఏ మూల నేమి జరుగునో ఆయనకు దెలియును. కెమెరాకు ఎంతదూరమున నిలిచినచో ముఖమున కనుబొమ చలనము కూడ తెలియునో, మైకు ఏ స్వరమును పట్టునో, ఏ స్వరమును విడుచునో, ఎడిటింగు బల్లపై ఏ ముక్క మిగులునో, ఏది పోవునో, ఇవన్నియు పండ్రెండేండ్లు పక్కన నిలిచి చూచిన విద్యలు.

యుద్ధానంతరమున కాలము తిరిగినది. పుల్లయ్యగారి 'గొల్లభామ' 1947 లోను, 'వింధ్యరాణి' 1948 లోను వెలువడినవి. వానిలో రేలంగివారి హాస్యమును జనులు గుర్తింపసాగిరి. 1949 లో వాహినీవారి 'గుణసుందరి కథ' వచ్చెను. దర్శకులు కె. వి. రెడ్డిగారు. అందు నాయక పాత్రను ధరించినవారు కస్తూరి శివరావుగారు. నాడు తెలుగుతెరపై హాస్యమనగా శివరావుగారే. ఒక హాస్యనటునకు కథానాయకుని పీటవేసిన చిత్రమది. అందు రాజుగారి అల్లుండ్రలో నొకడైన కాలమతిగా రేలంగివారు నటించిరి. ఆ చిత్రము ముగిసి జనులు డేరాలనుండి వెలికి వచ్చునప్పటికి వారి నోట శివరావుగారి పేరుతోబాటు మఱియొక పేరును నలుగసాగినది. ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున వేంకటరామయ్యగారికి వెలుగు వచ్చెను. లోకమున చాలమంది ఆ వయస్సునకు తమ పరుగు ముగిసినదని యెంచుకొందురు.

ఇక 1951 లో విజయావారి 'పాతాళభైరవి'. అందు ఆయన రాజుగారి బావమఱది. రాజకుమారిపై ఆశ మెండు, ధైర్యము సున్న. ఆ చిత్రమున ఆయన తన పాటను తానే పాడిరి. గాత్రమున శాస్త్రీయమైన గాంభీర్యము లేదు. కాని పాత్ర యెట్టిదో పాట యట్టిదే యగుటచే జనులు ఊరూర దానిని కూనిరాగము తీసిరి. తండ్రియింట విన్న సంగీతము ఇట్లు అక్కఱకు వచ్చెను. 1953 లో పుల్లయ్యగారు 'పక్కింటి అమ్మాయి'ని తీయుచు రేలంగివారినే కథానాయకునిగ నిలిపిరి; నాయిక అంజలీదేవిగారు. భోజనపు లెక్కలు వ్రాసిన శిష్యునకు గురువు కట్టిన పట్టమది.

మేము చెప్పదలచిన విషయమునకు ముఖ్యమైన చిత్రము 1954 నాటి 'పెద్దమనుషులు'. నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెను వ్రాసిన నాటక మొకదాని యాధారమున కె. వి. రెడ్డిగారు దీనిని తీసిరి, మాటలు డి. వి. నరసరాజుగారివి. ఊరి పెద్ద, మునిసిపల్ చైర్మను, ధర్మకర్త, పత్రికాధిపతి, అందఱును పైకి ధర్మమూర్తులు, లోన లోభులు. జనులకు తెలియదు, తెలిసినవారు చెప్పలేరు. చెప్పగలవాడు ఊరిలో నొక్కడే, తిక్క శంకరయ్య. అతడు పిచ్చివాడు గావున ఏమన్నను చెల్లును. ఆ శంకరయ్య పాత్రను రేలంగివారు ధరించిరి. చింపిరి బట్టలతో వీథులలో పాడుచు తిరుగు ఆ పిచ్చివాడే ఊరిలో బుద్ధిగలవాడని చూచువారికి మెల్లమెల్లగా తెలియును. అచ్చట నవ్వు ఊరుగాయ గాదు, అన్నమే. సత్యమును చెప్పుటకు నవ్వుకన్న వేఱు దారి లేనిచోట హాస్యనటుడు ఎంతటివాడగునో ఆ పాత్ర నిరూపించెను. భారత ప్రభుత్వమువారు ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగుచిత్రముగ దానిని సత్కరించిరి.

1955 నాటి 'మిస్సమ్మ'లో ఆయన వీథులలో పాడి యాచించు దేవయ్య. 1957 నాటి 'మాయాబజారు'లో లక్ష్మణకుమారుడు. ఈ లక్ష్మణకుమారుని గూర్చి రెండు మాటలు. భారతమున దుర్యోధనుని కుమారుడు, యువరాజు. చిత్రమున శశిరేఖను పెండ్లియాడబోవు వరుడు. పాత్రను నీచముగ జూపినచో చూచువారికి అసహ్యము కలుగును, పెండ్లి తప్పినపుడు నవ్వు రాదు. మఱీ అమాయకునిగ జూపినచో జాలి కలుగును, అప్పుడును నవ్వు రాదు. రేలంగివారు ఈ రెంటికి నడుమ సన్నని గట్టుపై నడచిరి. ఆయన లక్ష్మణకుమారునకు తాను మహావీరుడనని, మహాసుందరుడనని నిశ్చయము. పెండ్లిపీటలపై మాయాశశిరేఖ తన పాదమును త్రొక్కగా, ఆ బాధను రాజకుమారుని దర్పముతో దాచబోయి దాచలేని ఆ ముఖమును చూచి మూడు తరముల తెలుగువారు నవ్విరి. నేటి పిల్లలును నవ్వుచున్నారు.

మా బాల్యపు జ్ఞాపక మొకటి యిచ్చట వ్రాయుటకు పాఠకులు అనుమతింతురు గాక. మా ఊరికి సంక్రాంతి కోతల వెనుక డేరా సినిమా వచ్చెడిది. నేల టిక్కెట్టువారు ఇసుకను ప్రోగుచేసికొని దానిపై కూర్చుండెడివారు. యంత్ర మొక్కటియే గావున రీలు రీలునకు నడుమ దీపములు వెలిగెడివి. అట్టి యొక విరామమున మేము వెనుదిరిగి చూడగా, కుర్చీలలో మా ఊరి మోతుబరియు, నేలపై ఆయన పాలేరును ఒకే దృశ్యమును తలచుకొని యింకను నవ్వుచుండిరి. ఆ నవ్వులో హెచ్చుతగ్గులు లేవు. దీపములు వెలుగగానే ఇద్దఱును నవ్వు మానిరి. ఆ డేరాలో ఒక్క క్షణము వారిని సమానులను జేసినవాడు తెరపైనున్న రేలంగివారు. ఇది యెంత పనియో మాకు నాడు తెలియలేదు, నేడు తెలియుచున్నది.

ఆయన హాస్యపద్ధతిని మేము చూచినంతలో చెప్పెదము. ఆయన రూపమున వికారము లేదు. పొట్టితనము, లావు, నత్తి మున్నగు శరీరలోపములపై ఆయన నవ్వు ఆధారపడదు. ఆయన ముఖ్యముగ ధరించినది పిఱికివాని బింకము, అజ్ఞాని పాండిత్యము, దరిద్రుని దర్జా. ఈ మూడును మనలో ప్రతివానికి నెంతో కొంత కలవు. అందుచే ఆయనను చూచి నవ్వునప్పుడు మనము పరుని చూచి నవ్వుచున్నామని తలతుము గాని, నిజమునకు మనలనే చూచుకొని నవ్వుదుము. కులమును గాని, వృత్తిని గాని, అంగవైకల్యమును గాని హేళన చేసి నవ్వించుట సులభము. అట్టి నవ్వు వెంబడి ఎవరో యొకరు తలవంచుకొని యిల్లు చేరుదురు. రేలంగివారి ఉత్తమ పాత్రలను చూచి అట్లు తలవంచుకొన్నవారు లేరు.

1963 వ సంవత్సరము ఈ దృష్టితో చూడ విశేషమైనది. ఆ యేట వెలువడిన వర్ణచిత్రము 'లవకుశ' పుల్లయ్యగారు ప్రారంభింపగా వారి కుమారులు సి. ఎస్. రావుగారు పూర్తిచేసినది. ముప్పది యేండ్లక్రిందట కలకత్తాలో తాను తీసిన కథనే గురువు మరల తీయ, శిష్యుడు అందు రజకుని పాత్రను ధరించెను, భార్యగా గిరిజగారు. కథ తెలిసినవారికి ఈ పాత్ర యెంత కఠినమైనదో తెలియును. చాకలి దంపతుల కలహము నవ్వు పుట్టింపవలెను. కాని ఆ కలహమున వెలువడిన మాటయే సీతాదేవిని అడవులపాలు చేయును. నవ్వు ఎక్కువైనచో రాముని నిర్ణయము పరిహాసమగును. తక్కువైనచో ఆ రజకుడు దుష్టుడగును. తాగి పలికిన తెలివితక్కువ మాట యొకటి ఒక సామ్రాజ్ఞి బ్రతుకును ఎట్లు దహించునో, నవ్వుచున్న జనము ఉన్నట్టుండి నిశ్శబ్దమగునట్లు రేలంగివారు నటించిరి. మేము చూచిన యన్నిటిలో ఇది వారి ప్రౌఢమైన కృషి యని మా తలంపు.

ఆ యేటనే 'నర్తనశాల'లో ఆయన ఉత్తరకుమారుడు. అంతఃపురకాంతల యెదుట కౌరవసేనను గడ్డిపోచగ జేసి మాటలాడి, రణరంగమున ఆ సేనను కనులార గాంచి రథము దిగి పరుగెత్తు ఆ రాజకుమారుడు తిక్కనగారి కాలమునుండి తెలుగువారికి చిరపరిచితుడు. అంతకుముందే 1961 లో 'జగదేకవీరుని కథ'లో రెండు చింతలు అను పేరుగల అనుచరునిగ నటించి మెప్పించిరి. విరాటుని కొడుకైనను, వీథిలోని బిచ్చగాడైనను ఆయనకు సమానమే.

తోడి నటులతో ఆయన మెలగిన తీరును గూర్చి యొక మాట చెప్పవలయును. నెల్లూరు మండలమునుండి వచ్చిన రమణారెడ్డిగారు సన్నని దేహముగలవారు; రేలంగివారు నిండైన విగ్రహము. ఈ యిరువురును తెరపై నిలిచినంతనే జనులు నవ్వ నారంభించుచుండిరి. గయ్యాళి పాత్రలకు పెట్టినది పేరైన సూర్యకాంతముగారికి ఆయన భర్తగా అణగిమణగి యుండిన చిత్రములు అనేకములు. ఇట్టి జంటలలో ఒకరు మాటలాడునప్పుడు రెండవవారు ఊరకుండవలెను. ఎదుటివాని నవ్వును దొంగిలింపక ఊరకుండుట హాస్యనటునకు గొప్ప పరీక్ష. ఆ పరీక్షలో రేలంగివారు నెగ్గిరి.

నిష్పక్షపాతముగ జెప్పవలసినచో లోపమును గూడ చెప్పవలెను. ఆయన పేరు గోడపత్రికపై లేనిచో చిత్రమును కొనుటకు పంపిణీదారులు వెనుదీయు కాల మొకటి వచ్చెను. అంతట నిర్మాతలు కథతో సంబంధము లేని హాస్యఘట్టములను అతికించి, అందు ఆయనను నిలుపసాగిరి. అట్టి చిత్రములలో ఆయన చేసినదే మరల చేసిరి. చూచినదే మనము మరల చూచితిమి. ఊరుగాయ యను పాత తలంపు మరల తలయెత్తెను. ఈ దోషము ఆయన యొక్కనిదే గాదు, ఆయనను చాలినంత పరీక్షింపని కథలదియు, అడుగక నవ్విన మనదియు. శంకరయ్య వంటి పాత్రలు ఆయనకు మఱి నాలుగు లభించి యుండినచో తెలుగు హాస్యము ఎట్లుండెడిదో యని మేము చింతించుచుందుము.

గడించినదానిని ఆయన నిలుపుకొనిరి. సినిమాలలో ఒక్కసారి వెలిగి, వెలుగుతోబాటు సర్వమును పోగొట్టుకొన్నవారి కథలు మనకు తెలియనివి గావు. వేంకటరామయ్యగారు పేదఱికమున లెక్కలు వ్రాసిన చేతితోనే కలిమిలోను లెక్కలు వ్రాసికొనిరి. మద్రాసులో పేరు గడించినను సొంత సీమను మఱవలేదు. తాడేపల్లిగూడెమున తన పేర రేలంగి చిత్రమందిరమును నిర్మించిరి. ఊరూర డేరాలలో తాను బొమ్మయై యాడినవాడు తన సీమలో జనులు నీడపట్టున కూర్చుండి చిత్రములు చూచుటకు శాశ్వతమైన చోటు కల్పించెను.

1970 లో భారత ప్రభుత్వమువారు ఆయనకు పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించిరి. తెలుగుతెర హాస్యనటులలో ఆ గౌరవము పొందినవారిలో ఆయనయే ప్రథముడు. పండితులకు, వైద్యులకు, శాస్త్రజ్ఞులకు ఇచ్చు పతకము పిఱికి రాకుమారులను, తిక్క శంకరయ్యను అభినయించినవాని వక్షమున వ్రేలాడుట సామాన్య విషయము గాదు. అది ఒక్క వ్యక్తికి జరిగిన సన్మానముగ మాత్రము మేము భావింపము. పేరులేక పోయిన ఊరూరి వేషగాండ్రకు, కేతిగానిని ఆడించినవారికి, సభను మేల్కొలిపిన హరికథకులకు ఆలస్యముగ నందిన గౌరవమది.

అప్పటికే ఆయన దేహము బలహీనపడెను. కడపటి యేండ్లలో అనారోగ్యముచే నటన తగ్గినది. హాస్యనటునకు దేహమే వీణ. తంత్రి సడలినచో రాగము పలుకదు. జోడుగా నిలిచిన రమణారెడ్డిగారు 1974 లో గతించిరి. మఱుసటి యేట, 1975 నవంబరు 27 వ తేదీన, వేంకటరామయ్యగారు తాడేపల్లిగూడెమున కీర్తిశేషులైరి. వయస్సు అఱువది యైదేండ్లు. గోదావరీతీరమున పుట్టినవారు గోదావరీసీమలోనే కన్ను మూసిరి.

ఇప్పుడు మా మాటను ముగించెదము. పండ్రెండేండ్లకు పైగా తెరవెనుక నిలిచిన ఆ మనుష్యుని ఒకనాడు ఎవరైనను పిలిచి, ఇంక ఇంటికి పొమ్మని యుండినచో అది తప్పని నాటి లోకమున ఒక్కరును చెప్పి యుండరు. ఆయనలోని ప్రతిభ ఆ యేండ్లలోను ఉన్నది. చూచు కన్నులే లేవు. ఒక్క పుల్లయ్యగారు మాత్రము కొలువిచ్చి దగ్గఱ నుంచుకొనిరి. ప్రతిభను పెంచుటకు పెద్ద ధనము అక్కఱలేదు. విసుగక దగ్గఱ నుంచుకొను నొక పెద్దదిక్కు చాలును. మన యిండ్లలోను నేడు అట్టి బాలురు, బాలికలు ఉందురు. చదువులో వెనుకబడి, పాటలో, ఆటలో, చిత్రలేఖనములో, నలుగురిని నవ్వించుటలో ముందుండువారు. వారిని చూచి పెదవి విఱుచుటకు ముందు తలిదండ్రులును, దాతలును ఒక్క క్షణమాగి, కాకినాడలో స్త్రీవేషము గట్టుకొన్న ఆ తల్లిలేని బాలుని తలచుకొందురు గాక.

ఆయన పోయి పెక్కేండ్లు గడచినవి. అయినను పండుగనాడు ఏ యింటనో 'మాయాబజారు' నడచుచున్నపుడు, పాదము త్రొక్కబడిన లక్ష్మణకుమారుని ముఖము కనబడగానే, ఆయన పేరైనను తెలియని పసివాడు తాతగారి ఒడిలో కూర్చుండి కిలకిల నవ్వును. తాతగారును నవ్వుదురు. వేంకటరామయ్యగారికి మేము సమర్పింపగల నివాళి ఇంతకన్న వేఱొకటి లేదు.